ఐదు రూపాయలే కదా!

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది ఏడోసారి. మొదట పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది. తర్వాత ఎంవీపీ కాలనీలో ఉండే మా పిన్ని కూతురు పంపింది. నిన్న రాత్రి మా పెద్దన్నయ్య పంపి, కింద "నీ ఫీల్డే కదా, చదువు" అని ఒక దండం బొమ్మ కూడా పెట్టాడు. నా ఫీల్డే. మెప్మా, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థలో, ఆడవాళ్ళ పొదుపు సంఘాల పని చూసే ఆర్పీగా పదకొండేళ్ళ నుంచి విశాఖ కొండవాలు వీధుల్లో మెట్లెక్కి దిగుతున్నాను. చదివాను అన్నయ్యా. ఇప్పుడు నువ్వు చదువు.

మెసేజ్ సారాంశం ఇదీ. పేదల బస్తీల్లో మరుగుదొడ్లు, మురుగు పని మొత్తం ప్రైవేటు కంపెనీలకు అప్పగిస్తే ఆరు నెలల్లో సమస్య పోతుందట. దానికి ఆరు కారణాలు. ఒకటి, మాల్స్‌లో, పెట్రోల్ బంకుల్లో మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి, ప్రైవేటువి గనక. రెండు, ఉచితంగా ఇస్తే విలువుండదు, మనిషికి ఐదు రూపాయలు పెడితే జాగ్రత్తగా వాడతారు. మూడు, పేదల దగ్గర సెల్‌ఫోన్‌కి డబ్బుంటుంది గాని మరుగుదొడ్డికి ఉండదు, అది అలవాటు సమస్య. నాలుగు, కంపెనీలు మలం నుంచి గ్యాసు, ఎరువు తీసి లాభం చేసుకుంటాయి, ప్రభుత్వానికి పైసా ఖర్చుండదు. ఐదు, ప్రైవేటు వాళ్ళు మెషిన్లు వాడతారు, మనుషుల్ని గుంటల్లోకి దించరు. ఆరు, ఇండోర్‌ని, సింగపూర్‌ని చూడండి.

ఆరోదాన్ని ముందు వదిలించుకుందాం. ఇండోర్‌లో ఇంటింటి చెత్త సేకరణ ఒకప్పుడు ప్రైవేటు కాంట్రాక్టరు చేతిలోనే ఉండేది. దాన్ని వెనక్కి తీసుకుని, సొంత బళ్ళతో, సొంత మనుషులతో కార్పొరేషనే నడిపాకే ఆ ఊరికి మొదటి ర్యాంకు వచ్చింది. అక్కడ చెత్త నుంచి గ్యాసు తీసే ప్లాంటు ప్రైవేటు భాగస్వామ్యమే, కాదనను. సింగపూర్‌లో మురుగునీటి బాధ్యత పీయూబీ అనే ప్రభుత్వ సంస్థది. మనల్ని చూడమన్నాయన తను చూసినట్టు లేదు. అన్నట్టు ఊళ్ళ శుభ్రతకి కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2017లో మన విశాఖది మూడో స్థానం. ఆ ముక్క ఒక్కటి రాసినా సొంత ఊరి మీద అభిమానం ఉందనుకునేదాన్ని.

మొదటిది ఇంకా తేలిక. మాల్‌లోకి మా వీధి మనిషి అడుగుపెడితే గేటు దగ్గరే సెక్యూరిటీ కళ్ళు పడతాయి. వంద మంది వాడాల్సిన చోట పది మందే వాడితే ఎవరి మరుగుదొడ్డయినా మెరుస్తుంది. పెట్రోల్ బంకుల సంగతంటారా, శ్రీకాకుళం నుంచి బండి వెనక కూర్చుని వచ్చిన ఏ ఆడమనిషినైనా అడగండి.

ఇక ఐదు రూపాయలు. అందరూ బొటనవేళ్ళు ఎత్తింది ఈ ముక్కకే. "ఐదు రూపాయలే కదా, టీ కూడా రాదు" అని మా బ్యాచ్‌మేట్ ఒకడు రాశాడు. సరే, లెక్క వేద్దాం. ఇంట్లో ఐదుగురు. మనిషి రోజుకి రెండుసార్లే వెళ్ళాడనుకుందాం, ఎవరికీ కడుపు చెడలేదనుకుందాం. రోజుకి 50. నెలకి 1,500. మా వీధిలో పాచిపనికి వెళ్ళే ఆవిడకి ఒక ఇంటి నుంచి నెలకి 2,000 వస్తుంది. ఆ ఇంట్లో ఆవిడ తోమే గిన్నెల్లో ముప్పాతిక మరుగుదొడ్డికే పోతాయన్నమాట. అన్నయ్యా, మీ అపార్ట్‌మెంట్లో నెల మెయింటెనెన్స్ కూడా 1,500 కదా? అందులో లిఫ్టుంది, వాచ్‌మన్ ఉన్నాడు, మొక్కలకి నీళ్ళున్నాయి. అయినా నెలనెలా మీ గ్రూపులో దాని మీద గొడవే.

2021లో ఇంటింటి చెత్తకి నెలనెలా డబ్బు వసూలు మొదలుపెట్టినప్పుడు "చెత్త మీద కూడా పన్నా!" అని జోకులు పంపింది ఎవరు? ఈ మెసేజ్ పంపినవాళ్ళే. నా ఫోన్లో అవి ఇంకా ఉన్నాయి. 2024లో ఆ చెత్త పన్ను తీసేస్తున్నామని ప్రకటించగానే పండగ చేసుకున్నదీ వాళ్ళే. మన గుమ్మం ముందు చెత్తకైతే పన్ను దారుణం, కొండ మీద వాళ్ళ కడుపుకైతే పూటకో టికెట్ న్యాయం.

డబ్బు లేని రోజున ఏమవుతుందో నేను చూసింది చెబుతాను. లెక్కలోంచి ముందు తీసేసేది పసిపిల్లల్ని. మూడేళ్ళ గుంటడి కోసం ఐదు రూపాయలు ఎవరిస్తారు? కాలువ గట్టున కూర్చోబెడతారు. తర్వాత ఆడవాళ్ళు తగ్గించుకుంటారు, మధ్యాహ్నం దాటితే మంచినీళ్ళు తాగరు. మగవాళ్ళకి ఇబ్బంది లేదు, ఊళ్ళో గోడలన్నీ ఉచితమే. ఆపైన తాళం. రాత్రి తొమ్మిది దాటాక చిల్లర డబ్బా నిండదు గనక నడిపేవాడు తలుపేసి ఇంటికి పోతాడు. ఆయన్ని తిట్టను. లాభం కోసం వచ్చినవాడు అర్ధరాత్రి వచ్చే ఒక్కరి కోసం మనిషిని కూర్చోబెడతాడా? కానీ చీకటి పడ్డాక బయటికి వెళ్ళడానికి భయపడేది ఎవరు?

ఇంకో సంగతి. నేను రీఛార్జి చేయించుకోకపోతే నా ఫోనే మూగబోతుంది. పక్కింటివాళ్ళు దొడ్డికి డబ్బు కట్టలేకపోతే నా పిల్లకి విరేచనాలు పడతాయి. నేను నెలకి 1,500 పోసినా, పైన ఇంటివాళ్ళ మురుగు మెట్ల మీదుగా నా గుమ్మం ముందుకే దిగుతుంది. కొండ మీద ఉండేవాళ్ళకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు.

"మరి డబ్బు తీసుకునే సులభ్ మరుగుదొడ్ల సంగతో?" అంటారు. 1970లో బిందేశ్వర్ పాఠక్ బీహార్‌లో మొదలుపెట్టిన సులభ్ స్వచ్ఛంద సంస్థ. లాభాలు పంచుకునే కంపెనీ కాదు. స్టేషన్ దగ్గరో, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరో డబ్బు తీసుకుని నడపడం కుదురుతుంది, దారినపోయే మనిషి ఒక్కసారే ఇస్తాడు గనక. రద్దీ చోట మిగిలిన డబ్బుతో బస్తీలో తక్కువైంది పూడ్చుకుంటారు. మెసేజ్‌లో ఆ రెండో సగం ఎగిరిపోయింది.

ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాలి. పూర్తిగా ఉచితంగా ఉండాలని పట్టుబట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. మా వీధి చివర సామూహిక మరుగుదొడ్డి ఉచితంగానే తెరిచారు. ఏడాది తిరిగేసరికి గడియలు పోయాయి, ట్యాంకుకి నీళ్ళెక్కించే దిక్కు లేదు, మగ్గులు కూడా మిగల్లేదు. తర్వాత రెండు సంఘాల ఆడవాళ్ళు కూర్చుని ఇంటికి నెలకి 40 వేసుకున్నారు. ఒకావిడకి జీతం పెట్టారు, గదికి ఇన్ని ఇళ్ళని తాళంచెవులు పంచుకున్నారు. మూడేళ్ళు శుభ్రంగా నడిచింది. కాబట్టి రూపాయి పెట్టని చోట మనకేం పట్టదని మెసేజ్ రాసినాయన అన్నది సగం నిజమే. నేను మీటింగులో అరిచిందే తప్పు. కానీ ఇంటికి నెలకి 40 వేరు, మనిషికి పూటకి ఐదు వేరు. నెల డబ్బు కట్టేసిన తల్లి, పిల్లాడు ఎన్నిసార్లు వెళ్ళాడో లెక్కపెట్టదు. ఆ 40లో మోటారు కరెంటు బిల్లు లేదని కూడా చెప్పాలి. అది బయటి నుంచే వచ్చేది.

సెల్‌ఫోన్ మాటకి పెద్దగా సమయం ఇవ్వను. మా వీధిలో సగం అద్దె ఇళ్ళు. ఓనరు స్థలంలో అద్దెకున్నవాళ్ళు మరుగుదొడ్డి కడతారా? స్వచ్ఛ భారత్ పట్టణ మార్గదర్శకాల్లో బస్తీకి గుర్తింపు ఉన్నా లేకున్నా అర్హులే అని ఉంది. 2014లో మొదలైన తొలి విడతలో ఇంటికి కేంద్రం ఇచ్చింది 4,000, ఆపైన రాష్ట్రం వాటా. మంచి మాటే. కానీ మా దగ్గర నాలుగడుగులు తవ్వితే రాయి తగులుతుంది. ఫోన్‌కి గుంట తవ్వక్కర్లేదు.

ఐదో పాయింటు దగ్గర నాకు ఓపిక అయిపోయింది. ప్రైవేటు వాళ్ళు మనుషుల్ని దించరట. 2022, 2023 సంవత్సరాల్లో మురుగు గుంటల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయిన 54 మంది కేసులను కేంద్ర ప్రభుత్వం సోషల్ ఆడిట్ చేయించింది. అందులో 38 మందిని విడిగా, వ్యక్తిగతంగా కూలికి పిలిచారు. ప్రభుత్వ జీతం మీద ఉన్నవాళ్ళు ఐదుగురే. 49 మంది ఒంటి మీద రక్షణ సామగ్రి ఏదీ లేదు. ఇప్పుడు చెప్పండి, ఎవరు దించుతున్నారు?

మెషిన్ ఉన్నా ఎందుకు దిగుతారో కూడా తెలుసుకోండి. ఏళ్ళ తరబడి తీయని ట్యాంకులో అడుగున ఇసుక, గుడ్డలు, ప్యాడ్లు కలిసి గడ్డకడతాయి. పైపు పైన నీళ్ళే లాగుతుంది. "కొంచెం కదిపితే వచ్చేస్తుంది" అని ఒకడు గునపం పట్టుకుని దిగుతాడు. లోపలుండే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసన తగ్గిందనుకుంటాడు. పడిపోతాడు. వాణ్ణి లాగడానికి తమ్ముడో బావమరిదో దిగుతాడు. మన ఊళ్ళో ఈ పని తరతరాలుగా ఎవరి నెత్తిన పడిందో రెల్లి కులం వాళ్ళ వీధుల్లో అడగండి. 2013 చట్టం ప్రకారం ఇలా దించడం నేరం. చనిపోతే ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలన్నది, 2023 అక్టోబరులో 30 లక్షలు చేసింది. ఎవరివ్వాలి? ఇంటాయన "నేను లారీని పిలిచాను" అంటాడు. లారీ ఓనరు "వాడు నా మనిషి కాదు, రోజు కూలి" అంటాడు. చేతులు ఎన్ని మారితే బాధ్యత అంత పలచన. మెసేజ్ రాసినాయన దీన్ని మోడరన్ టెక్నాలజీ అన్నాడు.

చివరికి గ్యాసు, ఎరువు, లాభం. సెప్టిక్ ట్యాంకు నుంచి తీసే సరుకులో నూటికి 95 పైన నీళ్ళే. బంగారు గని అనుకుని లారీల కొద్దీ నీళ్ళు మోయడానికి ఏ కంపెనీ వస్తుంది? మలేషియా 1990ల్లో దేశంలో చాలా భాగం మురుగు పనిని ఒక ప్రైవేటు కంపెనీకిచ్చింది. జనం బిల్లులు సరిగా కట్టలేదు, 2000లో ప్రభుత్వమే కొనేసుకుంది. మహారాష్ట్రలో వాయి, సిన్నర్ అనే చిన్న ఊళ్ళలో మాత్రం 2018 నుంచి ప్రైవేటు కాంట్రాక్టర్లే వరస పెట్టి ట్యాంకులు ఖాళీ చేస్తున్నారు. లారీ వచ్చిన రోజు ఇంటివాళ్ళు చేతికి డబ్బివ్వరు. పన్నుల్లోంచి మున్సిపాలిటీయే చెల్లిస్తుంది. సరుకు శుద్ధి ప్లాంటుకి చేరాలి. అలాగైతే ప్రైవేటు రావాలని నేనే ఇంకో ఏడుసార్లు ఫార్వర్డ్ చేస్తాను.

ఎందుకంటే నా ఫోన్లోనూ ఒక లారీ ఆయన నంబరు ఉంది. ఎప్పుడు పిలిచినా అదే రోజు వస్తాడు. లారీ మెట్ల కిందే ఆగిపోతుంది, వంద అడుగుల పైపు మా ఇళ్ళ దాకా అందదు. సొంత డబ్బుతో ఇంకో రెండు ముక్కలు కొని అతికించుకొచ్చాడు. "ఏటమ్మా, మీ కొండకనే తెచ్చినాను" అన్నాడు. పోయిన నెల కూడా ఆయన్నే పిలిచాను. మనిషిని దించలేదు. డబ్బు మేం ట్యాంకు దగ్గరే ఇచ్చేశాం, ప్లాంటు ఊరికి ఆ చివర, డీజిలు ఆయనది, మురుగు పారే గెడ్డ కాలువ మా సందు మలుపులోనే. నిండిన లారీ ఎటు తిరిగిందో నేను చూడలేదు. చూడాల్సి వస్తుందనే ముందుగా లోపలికి వచ్చేశాను.