సవరణ: 18 నిండిన పిల్లలకు గార్డియన్ ఎవరు?

స్పెషల్ స్కూలు ముగించిన పిల్లల గురించి పోయిన వారం రాస్తూ, "18 ఏళ్లు దాటినా అమ్మానాన్నలే గార్డియన్లు, వేరే కాగితం అక్కర్లేదు" అన్నాను. అది తప్పు. అనంతపురంలో మా వీధి అక్క ఒకరు ఆ మాట నమ్మి కొడుకు ఖాతా పని మీద బ్యాంకుకు వెళ్లారు. రెండు గంటలు కూర్చోబెట్టి, గార్డియన్ సర్టిఫికెట్ తెమ్మని పంపేశారట. ఆమెకు క్షమాపణ చెప్పాను, మీకూ చెబుతున్నాను.

18 నిండితే చట్టం దృష్టిలో ఆ బిడ్డ మేజరు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికైతే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలోని లోకల్ లెవెల్ కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది. అందులో కలెక్టరు, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు ఉంటారు. అమ్మానాన్నలైనా సరే, అక్కడ దరఖాస్తు పెట్టుకోవాల్సిందే.

అందరికీ గార్డియన్ తప్పనిసరి అన్నట్టు కూడా రాశాను. అదీ సరికాదు. అసలు అవసరమా, ఏ పనులకు అవసరం అన్నది కమిటీ చూడాలి. ఆ అక్క కొడుకు కిరాణా కొట్టులో శనక్కాయలు తూచి పొట్లాలు కడతాడు. తక్కెడ ముల్లు మధ్యకు వచ్చేదాకా ఒక్కో కాయ వేస్తూ, తీస్తూ ఉంటాడు. జీతం రాగానే ముందు అమ్మ చేతిలో పెట్టాలని, తనకో కొత్త చొక్కా కొనుక్కోవాలని వాడికి స్పష్టంగా తెలుసు. సంతకం ఎవరు పెట్టినా ముందు వాణ్ణి అడగాలి.

పాత పోస్టులో ఆ రెండు చోట్లా మార్చాను.