నీటి నమూనా కాలమ్‌ను చంపుతుందా?

ఆల్కహాళ్లు, ఆమ్లాలు ఉన్న నీటి నమూనాను నేరుగా జీసీలోకి (గ్యాస్ క్రొమటోగ్రఫీ, అంటే నమూనాను ఆవిరిగా మార్చి అందులోని పదార్థాలను వేరుచేసే యంత్రంలోకి) ఇంజెక్ట్ చేస్తే కాలమ్ (పదార్థాలు వేరయ్యే, లోపల పూత ఉన్న సన్నని గొట్టం) పాడవుతుందనీ, వాటిని ముందుగా సేంద్రియ ద్రావణిలోకి తీయాలనీ, ఆమ్లాల పీకులకు (ఫలితపు గీత అయిన క్రొమటోగ్రామ్‌లో వచ్చే శిఖరాలకు) తోక వచ్చిందంటే, అంటే అవి వెనుకవైపు సాగాయంటే, కాలమ్ మార్చాల్సిందేననీ ఒక సలహా విరివిగా చెలామణిలో ఉంది. ఈ మూడింటిలో ఏదీ చెప్పినంత సూటిగా నిలబడదు.

మొదటిది, పూత అణువులను ఒకదానికొకటి బంధించిన (క్రాస్‌లింక్ చేసిన) పాలీఇథిలీన్ గ్లైకాల్ కాలమ్‌లు నీటిని తట్టుకుంటాయి. అధిక ఉష్ణోగ్రత వద్ద వాటికి అసలు శత్రువు ఆక్సిజన్. బంధించని పూత ఉన్న పాత రకాల విషయంలో మాత్రం భయం సబబే. నీటితో వచ్చే చిక్కు కాలమ్‌లో కన్నా, నమూనా ఆవిరయ్యే ప్రవేశద్వారమైన ఇన్లెట్‌లో ఎక్కువ. 250 డిగ్రీల సెల్సియస్, 10 పీఎస్ఐ గేజి పీడనం వద్ద ఒక మైక్రోలీటరు నీరు సుమారు 1,400 మైక్రోలీటర్ల ఆవిరిగా మారుతుంది. ఇన్లెట్ లోపలి గాజు గొట్టమైన సాధారణ 4 మిల్లీమీటర్ల లైనర్‌లో అంత చోటు లేదు కనుక, పొంగిన ఆవిరి గ్యాస్ గొట్టాల్లోకి ఎగదన్ని, ఒక్కో ఇంజెక్షన్‌కు ఒక్కో పీకు ఏరియా (పదార్థం పరిమాణాన్ని చెప్పే వైశాల్యం) చూపిస్తుంది. పరిమాణం అర మైక్రోలీటరుకు తగ్గిస్తే ఆవిరి లైనర్‌లో ఇముడుతుంది.

ద్రావణిలోకి తీయడం మిథనాల్, ఇథనాల్, ఎసిటిక్ ఆమ్లం వంటి వాటికి మేలు కన్నా కీడే చేస్తుంది. అవి డైక్లోరోమీథేన్ వంటి ద్రావణిలోకి పోకుండా చాలావరకు నీటిలోనే ఉండిపోతాయి. పైగా, కాలమ్ నుంచి వచ్చేదాన్ని మంటలో కాల్చి కొలిచే డిటెక్టర్ అయిన ఎఫ్‌ఐడీ నీటికి దాదాపు స్పందించదు కనుక, నీటిని తొలగించాల్సిన అవసరమూ అంతగా లేదు.

తోక విషయానికి వస్తే, ఆల్కహాళ్ల పీకులు సన్నగా ఉండి ఆమ్లాలవి మాత్రమే సాగుతుంటే, ముందుగా స్థిర ప్రావస్థ (కాలమ్ లోపలి పూత) ఏదో చూడాలి. సాధారణ వ్యాక్స్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) కాలమ్ కన్నా ఆమ్ల స్వభావమున్న ఎఫ్‌ఎఫ్‌ఏపీ పూత ఆమ్లాలకు తగినది. రెండూ సాగితే లైనర్‌నూ, కాలమ్ కొన కోతనూ, అమరికనూ అనుమానించాలి. గాఢమైన నమూనా తర్వాత శుద్ధమైన నీటిని వరుసగా ఇంజెక్ట్ చేసినప్పుడు ఎసిటిక్ ఆమ్లం పీకు కనిపించి క్రమంగా తగ్గుతూ పోతే, ఆ ఆమ్లం బహుశా లైనర్‌లోనో దానిలో ఉంచే గాజు ఊలులోనో పట్టుకుని ఉందన్నమాట. పీకు చిన్నబోవడానికి నమూనా పీహెచ్ కూడా కారణం కావచ్చు: ఎసిటిక్ ఆమ్లం పీకేఏ (సగం ఆమ్లం అయాన్‌గా మారే పీహెచ్) 4.76 కనుక, పీహెచ్ 7 వద్ద అది 99 శాతానికి పైగా ఆవిరి కాని ఎసిటేట్‌గా ఉంటుంది. నమూనాను 2 దాకా ఆమ్లీకరించకుండా కాలమ్‌ను నిందించడం అన్యాయం.

కొత్త కాలమ్ వేయగానే పీకు బాగుపడింది కదా అంటారు. కాలమ్ మార్చేవారు సాధారణంగా లైనర్, సెప్టమ్ (సూది గుచ్చే రబ్బరు మూత) కూడా మారుస్తారు. ఆ మార్పుల్లో ఏది పనిచేసిందో ఆ ఒక్క క్రొమటోగ్రామ్ చెప్పదు.