ఆ రెడ్ కార్డు మీద ఇంకెన్నాళ్లు ఏడుస్తాం?

2011 అక్టోబరు 15, శనివారం. వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో ఉదయం తొమ్మిది గంటలు. రగ్బీ మ్యాచ్ జరుగుతున్నది సుమారు 18 వేల కిలోమీటర్ల అవతల, న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్‌లో. అయినా ఇక్కడ మిలీనియం స్టేడియంలో 60 వేల మందికి పైగా కూర్చున్నాం. మైదానం ఖాళీ. ఆటగాళ్లు లేరు, బంతి లేదు, పెద్ద తెరలు మాత్రమే ఉన్నాయి. వేల్స్ జనాభా అప్పటికి 30 లక్షల పైచిలుకు. అంటే దేశంలో ప్రతి యాభై మందిలో ఒకరు ఆ పొద్దున ఆ ఒక్క కప్పు కిందే ఉన్నారు. తెర మీద జాతీయ గీతం మొదలవగానే అందరం లేచి నిలబడ్డాం. ఆక్లాండ్‌లో ఉన్న ఆటగాళ్లకు వినపడదని తెలుసు. అయినా గొంతు చించుకుని పాడాం.

అది రగ్బీ ప్రపంచ కప్ సెమీఫైనల్. ప్రత్యర్థి ఫ్రాన్స్. అంతకుముందు వారమే వెల్లింగ్టన్‌లో ఐర్లాండ్‌ను 22-10తో ఓడించి వచ్చాం. ఆ టోర్నమెంటులో అంత అందంగా ఆడిన జట్టు ఇంకొకటి లేదని నేను ఇప్పటికీ నమ్ముతాను. కెప్టెన్ సామ్ వార్‌బర్టన్ వయసు 23 ఏళ్లు. మ్యాచ్ మొదలై ఇరవై నిమిషాలు కాకముందే అతను ఫ్రాన్స్ ఆటగాడు విన్సెంట్ క్లెర్‌ను పట్టుకుని పైకి లేపాడు. క్లెర్ కాళ్లు గాల్లోకి లేచాయి, వీపు, మెడ కిందికి వచ్చాయి. వార్‌బర్టన్ వదిలేశాడు. రిఫరీ అలాన్ రోలాండ్ జేబులోంచి ఎర్ర కార్డు తీశాడు. అరవై వేల మంది ఉన్నచోట అంత నిశ్శబ్దం నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు.

రగ్బీలో ఎర్ర కార్డు అంటే ఆ ఆటగాడు ఇక రాడు, అతని బదులు ఇంకొకరూ రారు. (ఇరవై నిమిషాల తర్వాత వేరే ఆటగాణ్ని దించుకునే నిబంధన ఈమధ్యే వచ్చింది. అప్పుడు లేదు.) పదిహేను మంది మీద పద్నాలుగు మందితో గంటకు పైగా ఆడాం. చివరికి 9-8తో ఓడిపోయాం. ఒక్క పాయింటు.

నేను కొత్తగూడెంలో పుట్టి పెరిగినదాన్ని. పెళ్లయ్యాక 2004లో వేల్స్ వచ్చి, పాంటిప్రిడ్ దగ్గర లోయలో ఇల్లు తీసుకున్నాం. రగ్బీ అంటే ఏమీ తెలియదు. కానీ బొగ్గు తెలుసు. వీధి చివర నిలిచిపోయిన బాయి చక్రం, వరసగా ఒకే రకం ఇళ్లు, దగ్గుతూ మాట్లాడే ముసలివాళ్లు, ఇవేవీ నాకు కొత్త కాదు. మా నాన్న సింగరేణిలో బాయి దిగినవాడు. ఇక్కడ మగవాళ్లు ఒకరినొకరు 'బట్' అని పిలుచుకుంటారు. బొగ్గు గనిలో పక్కన పనిచేసే తోడు అని దాని పాత అర్థం. పక్కన మనిషి లేకపోతే బయటికి రాలేని చోట పుట్టిన మాట అది. స్క్రమ్‌లో భుజం భుజం కలిపి తోసేవాళ్లను చూసినప్పుడు ఈ ఆట ఈ లోయల్లోకి ఎందుకు అంత తేలిగ్గా దిగిపోయిందో నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. రోండా లోయలో చివరి గని 1990లో మూతపడింది. లోతు గనుల్లో చివరిదైన టవర్ కాలరీ 2008లో ఆగిపోయింది. గనులు పోయాయి, వాటి చుట్టూ పుట్టిన క్లబ్బులు మాత్రం మిగిలాయి.

అందుకే ఓటమి ఇక్కడ ఆట వార్తగా మిగలదు, ఇంటి కబురవుతుంది. సెమీఫైనల్ అయిన వారం రోజుల దాకా బస్సులో, మందుల షాపులో, పిల్లల బడి గేటు దగ్గర ఒకటే మాట: 'అది పసుపు కార్డు ఇవ్వాల్సిన తప్పు.' రోలాండ్ తండ్రి ఫ్రెంచివాడన్న సంగతిని కూడా చర్చలోకి లాగారు. నేనూ తల ఊపాను. బాధలో ఉన్నప్పుడు కారణం కంటే దోషి తొందరగా దొరుకుతాడు.

ఇన్నేళ్ల తర్వాత ఆ మ్యాచ్‌ను చాలాసార్లు మళ్లీ చూశాక నా అభిప్రాయం మారింది. రోలాండ్ చేసింది సరైనదే. మనిషిని ఎత్తి, తలో భుజాలో ముందు నేలకు తగిలేలా వదిలేసే టాకిల్ మీద కఠినంగా ఉండాలని అంతర్జాతీయ రగ్బీ బోర్డు 2009లోనే రిఫరీలకు చెప్పింది. ఎర్ర కార్డు దగ్గర్నుంచే ఆలోచన మొదలుపెట్టమంది. వార్‌బర్టన్‌కు క్లెర్‌ను గాయపరచాలన్న ఉద్దేశం లేదు, అతన్ని చూసినవాళ్లెవరూ అలా అనుకోరు. కానీ మెడ విరిగితే ఉద్దేశం చూసి అతుక్కోదు. ఆ నిర్ణయం సరైనదేనని వార్‌బర్టన్ తర్వాత తనే ఒప్పుకున్నాడు. కెప్టెన్ ఒప్పుకున్నాక కూడా అభిమానులం ఒప్పుకోకపోతే అది అభిమానం కాదు, మొండితనం.

అసలు లెక్క వేరే చోట ఉంది. ఆ రోజు జేమ్స్ హుక్ రెండు పెనాల్టీ కిక్‌లు గురి తప్పాడు, ఆరు పాయింట్లు. మైక్ ఫిలిప్స్ అద్భుతంగా దూసుకెళ్లి ట్రై చేసినప్పుడు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు ఆనించడం) దాని వెంట వచ్చే రెండు పాయింట్ల కిక్‌ను స్టీఫెన్ జోన్స్ కొడితే బంతి స్తంభానికి తగిలి పక్కకు పోయింది. చివర్లో లీ హాఫ్‌పెన్నీ దాదాపు మైదానం మధ్య నుంచి కొట్టిన పెనాల్టీ నిటారుగా, సూటిగా వెళ్లి, అడ్డకర్రకు కాస్త కిందుగా పడిపోయింది. ఇంకో మూడు. మొత్తం పదకొండు పాయింట్లు కాలి దగ్గర వదిలేశాం. నోటిదాకా వచ్చిన ముద్ద అది. ఆఖరి నిమిషాల్లో పాతిక సార్లకు పైగా బంతిని చేతులు మార్చుకుంటూ ముందుకు నెట్టారు. మూడు పాయింట్లు తెచ్చే డ్రాప్ గోల్‌కు మాత్రం ఎవరూ స్థిరపడలేదు. పద్నాలుగు మందితోనే ఆ మ్యాచ్ మనం గెలవగలిగేవాళ్లం. నాకు గర్వమూ దుఃఖమూ రెండూ అక్కడే ఉన్నాయి.

పాత గాయాన్ని ఇప్పుడు ఎందుకు కెలుకుతున్నానంటే, ఆ రెడ్ కార్డు మా అందరికీ ఒక అలవాటు నేర్పింది. ఓడితే బయట వెతకడం. 2019లో జపాన్‌లో దక్షిణాఫ్రికాతో సెమీఫైనల్ 19-16తో పోయింది, చివర్లో వాళ్ల ఆటగాడు పొలార్డ్ కొట్టిన పెనాల్టీతో. 2015 క్వార్టర్ ఫైనల్లో కూడా వాళ్లే, 23-19. ప్రతిసారీ 'కొంచెంలో పోయింది' అనుకున్నాం. మధ్యలో 2012లో, 2019లో గ్రాండ్ స్లామ్‌లు గెలిచాం. అంటే యూరప్ ఆరు దేశాల టోర్నీలో అన్ని మ్యాచ్‌లూ గెలవడం. 2015లో ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్‌ను వాళ్ల ప్రపంచ కప్‌లోనే 28-25తో ఓడించిన రాత్రి గురించి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి. వరసగా ఆటగాళ్లు గాయాలతో బయటికి పోతుంటే, తనది కాని వింగ్ స్థానంలో ఆడాల్సి వచ్చిన స్క్రమ్ హాఫ్ లాయిడ్ విలియమ్స్ ఎడమ కాలితో బంతిని లోపలికి తన్నడం, దాన్ని గారెత్ డేవిస్ అందుకుని స్తంభాల కింద ట్రై చేయడం, డాన్ బిగ్గర్ ఒక్కడే 23 పాయింట్లు కొట్టడం... మా వీధిలో ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు.

ఈ విజయాలన్నీ నిజమే. కానీ వాటిని కట్టిన పద్ధతిని చూడాలి. కోచ్ వారెన్ గాట్‌లాండ్ జాతీయ జట్టునే ఒక క్లబ్బులా నడిపాడు. 2011కు ముందు ఆటగాళ్లను పోలండ్‌లోని స్పావాకు తీసుకెళ్లి, మైనస్ 100 డిగ్రీల కంటే చల్లని గదుల్లో నిలబెట్టి, రోజుకు రెండు మూడు సార్లు కసరత్తు చేయించాడు. నెలల తరబడి కలిసి ఉండటంతో ఆ జట్టు ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల డబ్బుకు ఎదురు నిలబడగలిగింది. కింద ఉన్న వృత్తి జట్లు, అంటే ఇక్కడ రీజియన్లు అనే నాలుగు జట్లు, అదే కాలంలో చిక్కిపోతూ వచ్చాయి. 2017లో వాటిలో ఒకటైన స్కార్లెట్స్ లీగ్ గెలిచాక ఆ ట్రోఫీ మళ్లీ వేల్స్ ముఖం చూడలేదు. యూరప్ పెద్ద కప్పును ఇప్పటిదాకా ఏ వెల్ష్ జట్టూ గెలవలేదు. 2023 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌తో మ్యాచ్‌కు ముందు కాంట్రాక్టుల మీద ఆటగాళ్లు సమ్మె దాకా వెళ్లారు. 2025 ఏప్రిల్‌లో కార్డిఫ్ జట్టు దివాలా అంచుకు చేరితే ఇక్కడి రగ్బీని నడిపే వెల్ష్ రగ్బీ యూనియనే తీసుకుని నడపాల్సి వచ్చింది. పైన పటారం లోన లొటారం అంటాం కదా, పదిహేనేళ్లు మేం చూసింది అదే. పైనున్న పటారానికి చప్పట్లు కొట్టింది మేమే.

నేనూ అందులో ఉన్నాను. ఆరు దేశాల టోర్నీ టికెట్ కోసం నెలల ముందే డబ్బు కూడబెట్టేదాన్ని. రీజియన్ మ్యాచ్‌కు శుక్రవారం రాత్రి వెళ్లింది ఇరవై ఏళ్లలో ఏ పదిసార్లో. వెళ్లిన ఒక రాత్రి వాన పడుతోంది, ఎదురు స్టాండులో కుర్చీల రంగు స్పష్టంగా కనిపిస్తోంది. అంత ఖాళీ. ఆ మైదానంలో ఆ రోజు ఆడిన ఇద్దరు కుర్రాళ్లు తర్వాత వేల్స్‌కు ఆడారు.

అయితే తప్పంతా అభిమానుల మీద వేయడం న్యాయం కాదు. మా పక్కింటి పెద్దాయన సంగతి చెప్పాలి. ఇక్కడి పద్ధతిలో ఆయన్ని పేరుతోనే పిలుస్తాను గానీ మనసులో ఆయన నాకు పెదనాన్న. ముప్పై ఏళ్లు గనిలో చేశాడు. పాంటిప్రిడ్ క్లబ్ 1997లో వేల్స్ లీగ్ గెలిచిన రోజున మైదానంలో ఉన్నాడు. 2003లో యూనియన్ తొమ్మిది పెద్ద క్లబ్బుల స్థానంలో అయిదు రీజియన్లు పెట్టింది. పాంటిప్రిడ్‌నూ బ్రిడ్జెండ్‌నూ కలిపి కెల్టిక్ వారియర్స్ అన్నారు. ఒక్క సీజన్ ఆడింది. 2004లో దాన్ని మూసేశారు. లోయల జనాన్ని ఇక కార్డిఫ్‌కు మద్దతు ఇవ్వమన్నారు. వందేళ్లుగా ఎవరిని ఓడించాలని ప్రతి శనివారం కోరుకున్నారో ఆ కార్డిఫ్‌కు! ఆయన వెళ్లలేదు. 'నాకు జట్టు లేదు, వేల్స్ ఉంది' అంటాడు. ఎర్ర చొక్కా, అంటే వేల్స్ జట్టు, ఆడినప్పుడు తప్ప ఇంట్లో రగ్బీ పెట్టడు. ఆయనలాంటి వాళ్లు ఈ లోయల్లో వేలల్లో ఉన్నారు. ప్రేమ ఉన్నది ఉన్నట్టే ఉంది, అది పారే కాలువను తెంచేశారు.

ఐర్లాండ్‌తో పోల్చి చూడండి. అక్కడ కూడా నాలుగే వృత్తి జట్లు. కానీ అవి లీన్‌స్టర్, మన్‌స్టర్, అల్‌స్టర్, కొనాట్ అనే పాత ప్రాంతాల పేర్ల మీద ఉన్నాయి, జనం వాటిని ముందే తమవి అనుకున్నారు. లీన్‌స్టర్ యూరప్ కప్పును నాలుగు సార్లు గెలిచింది. విచిత్రమేమంటే ఐర్లాండ్ ప్రపంచ కప్‌లో క్వార్టర్ ఫైనల్ ఇంతవరకూ దాటలేదు, మేం 1987, 2011, 2019లో మూడు సార్లు సెమీస్ ఆడాం. ప్రపంచ కప్ ఫలితమే ఆరోగ్యానికి కొలత అనుకుంటే మేమే బాగున్నట్టు. కొలత తప్పని 2023 తర్వాత తేలింది.

2023 అక్టోబరులో జార్జియాను ఓడించాక వేల్స్ మరో టెస్టు (రగ్బీలో దేశాల మధ్య మ్యాచ్) గెలవడానికి 2025 జూలై దాకా పట్టింది. మధ్యలో వరసగా 18 ఓటములు. 2025 మార్చిలో మా సొంత గడ్డ మీద ఇంగ్లండ్ చేతిలో 68-14. గాట్‌లాండ్ అప్పటికే వెళ్లిపోయాడు. ఆ పద్దెనిమిదో ఓటమి జపాన్‌లోని కిటాక్యూషులో జరిగింది. 2019 ప్రపంచ కప్‌కు ముందు మా జట్టు సాధన చూడటానికి 15 వేల మంది వచ్చి, వెల్ష్ భాషలో మా జాతీయ గీతం నేర్చుకుని పాడిన ఊరు అది. ఆ వీడియో చూసి ఏడ్చినదాన్ని. అదే ఊళ్లో 24-19 స్కోరు తెర మీద చూసిన పొద్దున టీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాను. వారం తర్వాత కోబేలో 31-22తో గెలిచాం. పక్కింటాయన తలుపు కొట్టి ఏమీ మాట్లాడకుండా చేయి పట్టుకుని ఊపాడు.

ఆ నవంబరులో దక్షిణాఫ్రికా కార్డిఫ్ వచ్చి 73-0తో ఓడించి వెళ్లింది. ఆ మ్యాచ్‌కు నిందించడానికి రిఫరీ దొరకలేదు.

ఇప్పుడు యూనియన్ నాలుగు రీజియన్లను మూడు చేస్తానంటోంది. 2025 అక్టోబరులో ప్రకటించింది. నాలుగింటికి పంచే డబ్బు మూడింటికి పెడితే జట్లు బలపడతాయన్నది వాళ్ల వాదన. ఆటగాళ్ల సంఖ్య, డబ్బు చూస్తే ఆ వాదనలో బలం ఉంది. నేను వ్యతిరేకించేది లెక్కను కాదు. 2004లో ఒక జట్టును మూసినప్పుడు ఆ జట్టు మనుషులు పక్క జట్టుకు వెళ్తారనుకున్నారు, వాళ్లు ఇంట్లో కూర్చున్నారు. ఇప్పుడు కూడా ఎవరిది మూస్తే ఆ ఊరి పిల్లలు ఎక్కడ ఆడతారు, వాళ్ల నాన్నలు ఎవరి కోసం అరుస్తారు అన్నదానికి ఖాతా పుస్తకాల్లో జవాబు లేదు. ముందు ఆ ఊళ్లకు వెళ్లి అడగాలి. నిర్ణయం అయ్యాక చెప్పడం అడగడం కాదు.

2027 ప్రపంచ కప్ ఆస్ట్రేలియాలో. మా గ్రూపులో ఇంగ్లండ్, టోంగా, జింబాబ్వే ఉన్నాయి. మ్యాచ్‌లు మళ్లీ పొద్దున్నే వస్తాయి, మేం మళ్లీ చీకటితోనే లేచి ఎర్ర చొక్కాలు వేసుకుంటాం, అందులో సందేహం లేదు. ఆ రోజు మైదానంలో ఉండబోయే కుర్రాళ్లలో చాలామంది ఇప్పుడు ఇరవై, ఇరవై రెండేళ్ల వాళ్లు. శుక్రవారం రాత్రుళ్లు సగం ఖాళీ స్టాండ్ల ముందు ఆడుతున్నారు. వాళ్ల పేర్లు నాకు ఇంకా అన్నీ రావు. మొన్న పెద్దాయనతో అన్నాను, ఈసారి మీరూ రండి అని. కార్డిఫ్ కోసం రానన్నాడు. కాసేపాగి, ఆ పదో నంబరు కుర్రాడు మన లోయవాడేనా అని అడిగాడు.