గుండెపోటు ఖాతాలో ఫ్లూ చావులు

డెబ్బై ఏళ్ల మనిషికి జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. వారానికి తగ్గుముఖం పట్టాయి. ఆ పై వారం గుండె ఆగిపోయింది. మరణ ధ్రువపత్రంలో గుండెపోటు అని రాశారు. అందులో తప్పేమీ లేదు. జ్వరం రోజుల్లోనే ముక్కులోంచి నమూనా తీసి ఉంటే ఫ్లూ వైరస్ దొరికేదేమో, ఎవరూ తీయలేదు. చనిపోయాక తీసినా అప్పటికి వైరస్ జాడ ఉండకపోవచ్చు. ఫ్లూ చాలామందిని ఇలాగే తీసుకుపోతుంది. కాబట్టి ఆ చావులను ఒకటీ రెండూ అని లెక్కపెట్టలేం, అంచనా కట్టాలి.

2015లో దేశంలో స్వైన్‌ఫ్లూ కేసులు 42,592, మరణాలు 2,990 అని అధికారిక లెక్క. పరీక్షలో తేలినవి అవే. 2010-13 సమాచారంతో పరిశోధకులు కట్టిన అంచనా మాత్రం ఏడాదికి సగటున లక్షా 27 వేల మరణాలు. అందులో శ్వాసకోశ, గుండె, రక్తనాళాల జబ్బుల ఖాతాలో చేరిన ఫ్లూ మరణాలన్నీ ఉన్నాయి. ఆ అంచనాకూ 64 వేల నుంచి లక్షా 90 వేల దాకా ఊగిసలాట ఉంది. ఏడాదులు వేరు, కొలత వేరు. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కానక్కర్లేదు. పరీక్షకు అందినవారెందరో మొదటిది చెబుతుంది, ఫ్లూ లేకపోతే బతికుండేవారెందరో రెండోది అడుగుతుంది.

ఈ రెండో ప్రశ్న పాతదే. 1847లో లండన్‌లో ఫ్లూ చెలరేగినప్పుడు గణాంకవేత్త విలియం ఫార్ మామూలు రోజుల్లో ఎందరు పోతారో చూసి, అంతకు మించినవాటిని విడిగా తీశాడు. 1963లో అమెరికాలో మరో గణాంకవేత్త రాబర్ట్ సెర్ఫ్లింగ్ ఆ ‘మామూలు’కు గణితరూపం ఇచ్చాడు. ఫ్లూ లేని వారాల మరణాలకు ఏటా లేచి పడే ఒక అలను అమర్చి, ఆ గీత దాటినదంతా ఫ్లూ పద్దులో రాయడం ఆయన పద్ధతి. సులువైనదే కానీ చలికాలంలో ఒక్క ఫ్లూయే తిరగదు. పసివాళ్లను, ముసలివాళ్లను పీడించే ఆర్‌ఎస్‌వీ అనే మరో వైరస్ కూడా అదే వేళకు వస్తుంది, చలి సరేసరి. గీతను మండువేసవి మరణాలకు కట్టేస్తే చలికాలపు పాపమంతా ఫ్లూ మెడకే చుట్టుకుంటుంది.

దీనికి విరుగుడుగా తర్వాతి తరం పరిశోధకులు ప్రయోగశాలల లెక్కలను కూడా సూత్రంలోకి తెచ్చారు. ఏ వారం ఏ రకం వైరస్ ఎన్ని నమూనాల్లో కనిపించిందో చూసి, మరణాలు దానితో పాటు పెరిగాయా అని పరిశీలిస్తారు. మా దృష్టిలో ఇదే మెరుగైన దారి. కానీ ఇక్కడా ఒక మెలిక ఉంది. అమెరికాలో 1990ల ఫ్లూ సీజన్లపై ఈ పద్ధతిలో చేసిన అధ్యయనం 2003లో వెలువడింది. న్యుమోనియా, ఫ్లూ అని రాసిన మరణాలే చూస్తే ఏడాదికి సుమారు 8 వేలు. శ్వాస, గుండె జబ్బులన్నీ కలిపితే 36 వేలు. కారణం ఏదైనా సరే అంటే 51 వేలు. దేశం, సంవత్సరాలు, సూత్రం అవే. ఏ మరణాలను బల్ల మీద పెట్టామన్నదే తేడా.

ఆసుపత్రుల్లో తేలిన ఫ్లూ కేసులను, పరీక్షలకు అందనివాటి నిష్పత్తితో హెచ్చించడం మరో మార్గం. 2010 తర్వాత అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ (సీడీసీ) దీన్నే పట్టుకుంది. త్వరగా తేలుతుంది, కానీ హెచ్చించే అంకె మారితే ఫలితమూ మారుతుంది. 2017-18 సీజన్‌కు ముందు 80 వేల మరణాలన్నారు, తర్వాత 61 వేలన్నారు, చివరికి 52 వేల దగ్గర ఆగారు. పతాక శీర్షికలకు ఎక్కింది మాత్రం మొదటి అంకె. పత్రికలుగా ఆ తప్పులో మాకూ వాటా ఉంది.

మరి మన సంగతి? ఫ్లూ లేని వారాలకు గీత కట్టాలంటే అవి స్పష్టంగా ఉండాలి కదా. కశ్మీర్‌లో ఫ్లూ చలికాలపు జబ్బు. దేశంలో చాలాచోట్ల, తెలుగు రాష్ట్రాల్లోనూ, వానలతో పాటే పెరుగుతుంది, జనవరి-మార్చి మధ్య మళ్లీ తల ఎత్తుతుంది. వానల్లోనే డెంగీ, మలేరియా కూడా. సెర్ఫ్లింగ్ గీతను ఇక్కడికి ఉన్నదున్నట్టు తెస్తే దోమకాటుకు బలైనవాళ్లు కూడా ఫ్లూ పద్దులో పడతారు. వైరస్ లెక్కలతో ముడిపెట్టే పద్ధతే మనకు దిక్కు. దానికి వారం వారం మరణాలు కావాలి, వాటి కారణాలూ కావాలి. 2020లో నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయాలని నిబంధన ఉన్నా, 2021 నాటి జాతీయ నివేదిక 2025 మే నెలలో గానీ బయటికి రాలేదు. ఐరోపాలో ఇరవైకి పైగా దేశాల మరణాలను యూరోమోమో అనే వేదిక వారం వారం ప్రకటిస్తోంది.

2023 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన సవరణ చట్టం జనన మరణాలకు జాతీయ స్థాయి డేటాబేస్ ఉండాలంది. అందులోంచి పేర్లు తీసేసి, జిల్లాలవారీగా, వయసులవారీగా వారానికోసారి మరణాల సంఖ్య వెల్లడించడానికి మళ్లీ కొత్త చట్టం అక్కర్లేదని మా అభిప్రాయం. ఆరోగ్యశాఖలు కూడా ఈ వానాకాలం బులెటిన్లలో ఫ్లూ కేసులు ఎన్నో చెప్పి ఊరుకోకుండా, ఎన్ని నమూనాలు పరీక్షిస్తే అన్ని తేలాయో పక్కనే వేయాలి.