మహారాజశ్రీ పబ్లిక్ హియరింగ్ గారి దివ్య సముఖమునకు

గని విస్తరణ హద్దురాయికి కూతవేటు దూరంలో చేను కలిగి ఉండటమనే నేరం చేసిన ఒక రైతు వ్రాసుకొను విన్నపం. ఉభయకుశలోపరి.

గనికి పర్యావరణ అనుమతి ఇచ్చేముందు ఊరివాళ్ల మాట వినడానికి పెట్టిన తమరి సభ మినిట్స్, అంటే ఎవరేమన్నారో రాసిన కాగితాలు, నిన్న వాట్సాప్‌లో అందాయి. స్టాంపు, సంతకం, పేజీ పేజీకీ పొట్టి సంతకాలు, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. ఆ గడుల పట్టికలో నన్ను నేను వెతుక్కుంటే ఇలా దొరికాను: "గ్రామస్తులు ఒకరు తాగునీటి సదుపాయం కల్పించవలసిందిగా కోరారు." పక్క గడిలో యాజమాన్యం వారి జవాబు: "సీఎస్ఆర్ (కంపెనీ సామాజిక బాధ్యత) నిధులతో ఆర్వో ప్లాంటు ఏర్పాటును పరిశీలిస్తాము."

అయ్యా, నేను నీళ్లడగలేదు. ఉన్న నీళ్ల జోలికి రావద్దన్నాను.

మళ్లీ చెప్తాను, ఈసారైనా రాసుకోండి. మా ఊరిని ఆనుకుని వాగుంది. గని వల్ల పర్యావరణానికి ఏమవుతుందో అంచనా కట్టే ఈఐఏ రిపోర్టులో దానికి పేరు లేదు. లీజు ప్రాంతంలో చెప్పుకోదగ్గ జలవనరులేవీ లేవనీ, ఏదో సీజనల్ నాలా ఒకటుందనీ రాశారు. ఎందుకు రాయరు? వాళ్లు కొలతలకు వచ్చింది ఎండాకాలంలో. రూలే అలా ఉంది కదా, వానాకాలం వదిలేసి ఏదో ఒక సీజన్‌లో లెక్కలు తీస్తే చాలు. నీళ్లున్న రోజులు వదిలేసి, లేని రోజులు ఏరుకుని వచ్చి, నీళ్లు లేవని తేల్చడానికి మళ్లీ గుర్తింపు పొందిన కన్సల్టెంటే కావాలి. ఆ కన్సల్టెంట్‌కి ఫీజు ఇచ్చేది కంపెనీ. ఫీజిచ్చిన చేతిని కరిచే కన్సల్టెంట్ ఇంకా పుట్టలేదు, పుట్టినా రెండో కాంట్రాక్టు రాదు.

పోనీ, ఎండాకాలంలోనే వచ్చారు. వాగులో దిగి ఇసక మూరెడు లోతు తీసి ఉంటే చెలమ ఊరేది. గొర్రెల కాపరులు మంద మొత్తానికి నీళ్లు పెట్టేది ఆ చెలమల్లోనే. ఒడ్డు మీది బోర్లు ఏప్రిల్లో కూడా పోస్తున్నాయంటే ఆ ఊట పుణ్యమే. గని గుంత ఊట కంటే లోతుకు దిగితే నీళ్లు ఎటు పోతాయో చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. గుంతలోకే పోతాయి. వాళ్లు మోటార్లు పెట్టి బయటికి తోడేస్తారు. ఇదంతా మైకులో చెప్పాను. గట్టి వాన పడితే వాగు రోడ్డెక్కి బస్సు ఆగిపోతుందనీ చెప్పాను. ఆ నాలా మీద మట్టిగుట్టలు పోస్తే నీళ్లు ఊళ్లోకి తిరుగుతాయనీ చెప్పాను. ఇన్ని మాటలనూ వడగట్టి, తమరు నా చేత ఆర్వో ప్లాంటు అడిగించారు.

సభ ఏర్పాట్లకు మాత్రం వంక పెట్టను. షామియానా భేష్. బందోబస్తు చూసి, ఏ మంత్రిగారో వస్తున్నారనుకుని మా ముసలివాళ్లు ఉతికిన పంచెలు కట్టుకున్నారు. మా ఊరివాళ్లం ఆధార్ కార్డు చూపించుకుని లోపలికి పోయాం. డీసీఎం వ్యానుల్లో దిగినవాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు, వాళ్లు అప్పటికే ముందు వరుసల్లో ఉన్నారు. వాళ్లలో ఒకాయన "మా ఊరు అభివృద్ధి చెందాలి" అని కాగితం చూసి చదివాడు. ఏ ఊరయ్యా మీది అని వెనకనుంచి ఎవరో అడిగితే కాగితం తిరగేసి చూసుకున్నాడు. రిపోర్టు పంచాయతీ ఆఫీసులో పెట్టామన్నారు, నిజమే, బీరువాలో ఉంది, తాళం సెక్రటరీ దగ్గరుంది, సెక్రటరీ మండలాఫీసు మీటింగులో ఉన్నారు. దొరికినా అది వందల పేజీల ఇంగ్లీషు. తెలుగులో ఇచ్చింది సారాంశం ఒక్కటే, అందులో మొక్కలు నాటడం గురించి చాలా బాగా రాశారు.

ఇవన్నీ క్షమించాను. అసలు తమరికి కోరం, అంటే కనీసం ఇంతమంది రావాలనే లెక్క, కూడా అక్కర్లేదని తమరిని నడిపించే 2006 ఈఐఏ నోటిఫికేషన్లోనే ఉంది. పది మందే వచ్చినా తమరు జరిగిపోతారు. అదీ క్షమించాను.

కానీ అదే నోటిఫికేషన్, 2006 సెప్టెంబరు 14 నాటిది, నాలుగో అనుబంధంలో ఇంకో మాట ఉంది. సభ చివర, జనం చెప్పిన అభిప్రాయాలూ అభ్యంతరాలూ ఉన్నవి ఉన్నట్టు క్లుప్తంగా రాసి, అక్కడున్న వాళ్లకు వాళ్ల భాషలో చదివి వినిపించాలి. ఒప్పుకున్న మినిట్స్ మీదే కలెక్టరుగానీ, ఆయన తరఫున కూర్చున్న అధికారిగానీ సంతకం పెట్టాలి. మొత్తం వీడియో తీయాలి. ఇది నేను కల్పించింది కాదు, ఉద్యమాలవాళ్లు నేర్పింది కాదు. తమరి జాతకంలో రాసి ఉన్నదే.

చదవండి సార్ అని అడిగాం. సమయాభావం అన్నారు. టెంటువాళ్లు అప్పటికే కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూరుస్తున్నారు. చదవాల్సిందేనని గట్టిగా అంటే, "అంతా వీడియోలో ఉందండీ, టెన్షన్ పడకండి" అని ఒకాయన భుజం తట్టి కారెక్కాడు. భోజనాల దగ్గర మాత్రం సమయాభావం కనిపించలేదు.

ఇక తమరు గిమరు నా వల్ల కాదు. నువ్వనే అంటాను.

నువ్వు ఆ రోజు ఆ పట్టిక చదివి ఉంటే, ఆర్వో ప్లాంటు అనే మాట నీ నోట్లోంచి రాగానే ఊరు ఊరంతా లేచేది. అందుకే చదవలేదు. ఇంకెవరూ మా ఊరికి రారని నీకు తెలుసు. నిపుణుల కమిటీ ముందుకు పోయేది నువ్వు రాసిన కాగితమే. వాళ్లు ఏం చూస్తారు? సమస్య: తాగునీరు. పరిష్కారం: ఆర్వో ప్లాంటు. టిక్కు. తర్వాతి ఫైలు. రేపు బోర్లెండిపోయి నేను పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రిబ్యునల్ మెట్లెక్కితే అవతలి లాయరు ఇదే కాగితం తీసి, "వీరు ఆనాడు గనికి అభ్యంతరం చెప్పలేదు, నీళ్ల ప్లాంటు మాత్రమే కోరారు" అంటాడు. నేను వద్దన్న దానికి నేనే సాక్షినైపోయాను. బ్లాస్టింగుకి గోడలు నెర్రెలిచ్చిన ఇంట్లో ఉండే ఒక పెద్దమ్మ మైకు పట్టుకుని, "మీ ఇంటి పక్కన పేల్చుకోండి నాయనా, మా ఇంటి పక్కన ఎందుకు" అంది. ఆమెదీ ఉంది పట్టికలో. "పేలుళ్ల సమయాలు ముందుగా తెలియజేయాలని కోరారు." ఇలా రాయడానికి ప్రతిభ కావాలి. ఎవరు రాస్తారయ్యా ఇవి? ఏమైనా శిక్షణ ఉంటుందా?

ఇదొక్క ఊరి బాధ అయితే ఉత్తరం దాకా రాకపోయేది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అంటే ఎందరికో చేపలూ వరీ పండే చిత్తడి నేల, థర్మల్ ప్లాంటుకి కేటాయించిన కాగితాల్లో మాత్రం బంజరు. 2010 జూలై 14న కాల్పులు జరిగి మనుషులు చచ్చిపోయాక, అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసింది. జనం నోటితో చెప్పింది కాగితం మీద సరిగ్గా పడి ఉంటే ఆ తుపాకులు ఎందుకు లేచేవి? ఇక మహారాష్ట్రలో రత్నగిరి దగ్గర ఒక బాక్సైట్ గనికి రాసిన రిపోర్టులోకి రష్యా అడవుల చెట్లు నడిచొచ్చాయి. కొంకణ తీరంలో స్ప్రూస్ చెట్లు! దానికంటే మా నాలా నయం, కనీసం మా దేశంలోనే ఉంచారు.

ఇంత తిడుతున్నా, నీ గురించి కొత్తగా ఒక బెంగ పట్టుకుంది. నిన్ను సంస్కరిస్తున్నారట.

1994లో ఈఐఏ నోటిఫికేషన్ వచ్చినప్పుడు నువ్వు తప్పనిసరి కాదు. 1997లో చేర్చారు. అప్పట్నుంచీ నిన్ను ఎలా కత్తిరించాలా అనే చూస్తున్నారు. 2020లో, దేశమంతా లాక్‌డౌన్‌లో తలుపులేసుకుని కూర్చున్నప్పుడు ఒక ముసాయిదా తెచ్చారు. జనానికిచ్చే నోటీసు గడువు 30 రోజుల నుంచి 20కి తగ్గించాలన్నారు. అనుమతి లేకుండా ముందే కట్టేసుకున్న వాటికి తర్వాత అనుమతి ఇచ్చే దారి పెట్టారు. ఆ ముసాయిదాను 22 భాషల్లోకి మార్చి ఇవ్వండని ఢిల్లీ హైకోర్టు చెప్తే, మార్చి ఇవ్వడం మానేసి దాని మీద సుప్రీంకోర్టుకు పోయారు. ఆ అభ్యంతరాల గడువు నడుస్తుండగానే, మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ విషవాయువు లీకై 12 మంది పోయారు. ఉత్పత్తికి సరైన పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని ఆ కంపెనీ అంతకుముందు ఏడాదే అఫిడవిట్‌లో రాసిచ్చింది. తర్వాత ఇచ్చుకుందాంలే అనే అనుమతి ఎలా ఉంటుందో ఆ పొద్దున ఫ్యాక్టరీ పక్కనున్న వెంకటాపురం వాళ్లకు తెలిసింది.

లక్షల ఉత్తరాలు పోయాయి. ముసాయిదా అటకెక్కింది. హమ్మయ్య అనుకున్నాం. అటక మీది సరుకు ఒక్కొక్కటే మెమోలుగా దిగుతుందని అనుకోలేదు. 2022 జనవరిలో రాష్ట్రాల పర్యావరణ అథారిటీలకు మార్కుల స్కీము పెట్టారు. 80 రోజుల లోపు అనుమతిస్తే రెండు మార్కులు. అదనపు వివరాలు తక్కువసార్లు అడిగితే మార్కు. స్థలం చూడటానికి తక్కువసార్లు వెళ్తే మార్కు. చూడకుండా సంతకం పెట్టినవాడు క్లాస్ ఫస్టు! గోల లేచాక సవరించుకున్నారనుకో, కానీ ఆ ఆలోచన ఎవరికో వచ్చింది, ఇంకెవరో దాన్ని టైపు చేశారు. ఇక అనుమతుల్లేకుండా మొదలెట్టినవాటికి వెనక తేదీ దయ చూపడం చెల్లదని 2025 మేలో సుప్రీంకోర్టు కొట్టేసింది. సంబరపడేలోపే నవంబరులో ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఆ తీర్పును వెనక్కి తీసుకున్నారు.

మన దగ్గరా తక్కువేం లేదు. కాళేశ్వరానికి శంకుస్థాపన 2016 మేలో, నిన్ను పిలిచింది 2017 ఆగస్టులో. బారసాల రోజున పెళ్లిచూపులు పెట్టినట్టు. అనుమతి ముందు రావాల్సింది తర్వాత వచ్చిందని గ్రీన్ ట్రిబ్యునల్ 2020లో తేల్చేనాటికి నీళ్లు కాలువల్లో ఉన్నాయి.

అన్నిటికంటే తేలికైన సంస్కరణ నిన్ను పిలవకపోవడమే. పెట్రోల్లో కలిపే ఇథనాల్ ప్లాంట్లకు 2021లో నీ పని లేకుండా చేశారు. ఏమైంది? 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో జనం రోడ్డు మీదే నిన్ను జరుపుకున్నారు. షామియానా లేదు, మనిషికి మూడు నిమిషాలేనని కొట్టే గంట లేదు. ఆర్డీవో గంటల తరబడి జనం మధ్య ఉండిపోయారు. ప్లాంటు పనులు ఆపించాల్సి వచ్చింది. దాన్నుంచి ఢిల్లీ ఏం నేర్చుకుందంటే, 2025 సెప్టెంబరులో అణు ఖనిజాలకూ, కీలక ఖనిజాలకూ జనాన్ని అడగక్కర్లేదని ఇంకో మెమో ఇచ్చింది. దేశ రక్షణట. వాగు ఒడ్డున గొర్రెలు కాసేవాణ్ణి అడిగితే దేశానికి ప్రమాదమట.

అందుకే నీ మీద కోపం తీరకముందే నీ తరఫున కూడా కొట్లాడాల్సి వస్తోంది, ఏం ఖర్మో. నువ్వు దొంగ లెక్కలు రాస్తావు, మైకు కట్ చేస్తావు. అయినా ఈ దేశంలో కలెక్టరుని మధ్యాహ్నమంతా ఒకే కుర్చీలో కూర్చోబెట్టి, కంపెనీ జీఎం గారి ఎదుటే ఒక పెద్దమ్మ "మీ ఇంటి పక్కన పేల్చుకోండి" అనగలిగేది నీ దగ్గరే. ఆ జీఎం ఆ నిమిషం నీళ్లు నమిలాడు. ఆ నమలడం మినిట్స్‌లో లేదు గానీ మేమంతా చూశాం. నిన్ను ఎత్తేస్తే ఆ నిమిషం కూడా పోతుంది. నిన్ను తిట్టే హక్కు మాది, ఎత్తేసే హక్కు వాళ్లకెవరిచ్చారు?

కాబట్టి విను. సభ వీడియో కాపీ కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. నేను మాట్లాడిన ముక్క, పెద్దమ్మ మాట్లాడిన ముక్క మాట మాటకీ కాగితం మీద పెట్టి, ఊరంతా సంతకాలు చేసి, నిపుణుల కమిటీకి పంపుతున్నాం. గ్రామసభ తీర్మానం కూడా జతచేస్తున్నాం. వచ్చే నెల పక్క మండలంలో ఇంకో క్వారీకి నీ సభ ఉందని పేపర్లో పడింది, టెండర్ ప్రకటనల కింద, భూతద్దం పెడితే కనబడేంత అక్షరాల్లో. కనబడింది. మేం కూడా వస్తున్నాం. ఫోన్లు చార్జింగ్ పెట్టుకుని వస్తాం. నాలుగో అనుబంధం తెలుగులో ప్రింటు తీసి, వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో పెడతాం. చివర్న మినిట్స్ చదివేదాకా టెంటువాళ్లను కుర్చీ ముట్టనివ్వం. మధ్యాహ్నం భోజనం మేమే తెచ్చుకుంటాం, మీది మీరు తినండి.

ఇట్లు,
వాగు ఒడ్డు చేను రైతు