తొందర లేనివాళ్ళకు కొల్లేరు

ఇంట్లో కుర్చీలో కూర్చుంటే బద్ధకం. కారు వేసుకుని గంటల తరబడి వెళ్ళి ఏ చెరువుగట్టునో కూర్చుంటే విశ్రాంతి. అలాంటి విశ్రాంతి కోసం కేరళ వెళ్ళి డబ్బులు తగలేసే తెలుగువారందరికీ ఇందుమూలంగా కొల్లేరును సిఫార్సు చేస్తున్నాను.

నిదానంలో దాన్ని మించిన సరస్సు లేదు. 1999లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్‌సర్‌కెక్కింది. 2006లో పొక్లెయిన్లు దిగి, అభయారణ్యంలో తవ్విన చేపల చెరువుల గట్లు తెగ్గొట్టాయి. 2008లో, అభయారణ్యం హద్దును ఐదో కాంటూరు (సముద్రమట్టం నుంచి నేల ఎత్తు చెప్పే గీత) నుంచి మూడుకు కుదించాలని శాసనసభ తీర్మానం చేసింది. కమిటీలు వచ్చాయి, చూశాయి, వెళ్ళాయి. గీత ఎక్కడన్న వాదన మాత్రం ఏళ్ళ తరబడి సాగుతూనే ఉంది. ఈలోగా తెగిన గట్లు మళ్ళీ లేచి కూర్చున్నాయి. అంత ప్రశాంతంగా నడిచే ఫైలు పక్కన నాలుగు రోజులుంటే ఎవరి బీపీ అయినా దిగిరావాల్సిందే.

మన పట్నంవాళ్ళతో వచ్చిన చిక్కల్లా విశ్రాంతికి కూడా టైంటేబుల్ వేసుకోవడం. ఆరింటికి సూర్యోదయం, ఏడింటికి పక్షులు, ఎనిమిదింటికి ఫొటోలు అంటూ ఫోన్లో కొల్లేటి చాంతాడంత జాబితాతో కైకలూరులో దిగుతారు. దిగి, సైకిల్ మీద పోతున్న పెద్దాయన్ని ఆపి, "సరస్సు ఎక్కడండీ?" అని అడుగుతారు.

"ఇదేనండి. మీరు నిలబడ్డది కూడా కొల్లేరేనండి."

చుట్టూ చూస్తే గళ్ళ లుంగీ పరిచినట్టు చేపల చెరువులు. కంగారు పడకండి. సరస్సు కనబడలేదంటే చూడాల్సిన పని ఒకటి తగ్గినట్టే.

పక్షులు కావాలంటే ఆటపాక వెళ్ళండి. అక్కడ గూడబాతులకు అటవీశాఖవారు నీళ్ళలో ఇనప స్టాండ్లు వేయించారు. వాటి మీద గూళ్ళు కట్టుకుని, బోటు షికారుకొచ్చిన జనాన్ని అవి తీరిగ్గా చూస్తుంటాయి.

వానాకాలంలో వస్తే మరీ మంచిది. బుడమేరు, తమ్మిలేరు పరుగెత్తుకుంటూ వచ్చి కొల్లేట్లో పడతాయి. పడ్డాక వాటికీ తీరిక అలవాటవుతుంది. సముద్రానికి పోవాలంటే ఉన్న దారి ఉప్పుటేరు. దానికి అడ్డంగా గుర్రపుడెక్క, అంతకుముందే గట్లు. దాంతో నీళ్ళు లంక గ్రామాల రోడ్ల మీద రోజుల తరబడి మకాం వేస్తాయి. రిసార్టుల్లో అదనంగా డబ్బు కట్టి తీసుకునే లేక్ వ్యూ ఇక్కడ ప్రతి ఇంటికీ ఉచితం. కొన్నిసార్లు వంటింట్లోంచి కూడా దొరుకుతుంది. కాకపోతే ఆ ఇళ్ళవాళ్ళు అప్పుడు పునరావాస కేంద్రంలో ఉంటారు కాబట్టి మీకు కాఫీ ఇచ్చేవారుండరు.

అసలైన విశ్రాంతి ఎలా తీసుకోవాలో చేపల్ని చూసి నేర్చుకోవాలి. పొద్దున్నే ఒకాయన చిన్న పడవలో బయల్దేరి, చిల్లులు పెట్టిన తవుడు బస్తాల్ని వరసగా కర్రలకు కట్టుకుంటూ పోతాడు. బొచ్చెలు, శీలావతులు వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతులు పెట్టి కొంచెం కొంచెంగా లాక్కుని తింటాయి. వెతుక్కునే పని లేదు, సంపాదన టెన్షన్ లేదు, ఫొటో దిగాలన్న యావ లేదు. తినడం, తిరగడం, ఒళ్ళు చేయడం. మన పర్యాటకుడు గట్టు మీద నిలబడి వాటిని చూసి అసూయపడుతుంటాడు.

ఒళ్ళు బాగా వచ్చాక వాటికీ ప్రయాణముంటుంది. వలేసి పట్టి, పెట్టెల్లో సర్ది, పైన ఐసు కొట్టి, లారీకెక్కించి బెంగాల్‌కో అస్సాంకో పంపిస్తారు. కొల్లేట్లో టైముకి బయల్దేరేది ఆ లారీ ఒక్కటే.