ఐరిస్ లాక్‌ను ఎవరూ తెరవలేరా?

ఫోన్ సెక్యూరిటీ మాట వచ్చినప్పుడల్లా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే వాదన ఒకటుంది. దాని సారాంశం ఇది: ప్రపంచంలో ఏ ఇద్దరి ఐరిస్‌లూ ఒకేలా ఉండవు కాబట్టి ఐరిస్ స్కాన్ పెట్టిన ఫోన్‌ను ఎవడూ తెరవలేడు, ఫొటో చూపించి మోసం చేయడం కుదరదు, మనిషి పోయాక ఆ కన్ను పనిచేయదు, ఆధార్‌కే వాడుతున్నారంటే ఇంకేం కావాలి, ఇంత మంచి టెక్నాలజీని కంపెనీలు ఎవరి ఒత్తిడికో లొంగి తీసేశాయి, అదే ఉంటే పిన్‌తో పనే లేదు.

మొదటి ముక్క నిజం. ఆ తర్వాత వచ్చిన 'కాబట్టి' దగ్గరే తేడా కొట్టింది.

ఐరిస్ అంటే కంటి మధ్యలోని నల్లచుక్క చుట్టూ ఉండే రంగు వలయం. అందులోని గీతలూ గుంటలూ కవలల్లో కూడా కలవవు. అంతెందుకు, మీ కుడి కన్నే మీ ఎడమ కన్నుతో కలవదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ డాగ్‌మన్ 1990లలో తయారుచేసిన పద్ధతి ఈ నమూనాను 2048 బిట్ల (అంటే 0, 1 అంకెల) కోడ్‌గా మారుస్తుంది. అయితే ఒకే కన్నును రెండుసార్లు స్కాన్ చేసినా కోడ్ అచ్చంగా ఒకేలా రాదు. రెప్ప కాస్త వాలుతుంది, వెలుతురు మారుతుంది. అందుకే ఇది పాస్‌వర్డ్‌లా అక్షరం అక్షరం సరిచూసే వ్యవహారం కాదు. తేడా సుమారు మూడో వంతు బిట్ల లోపు ఉంటే 'అదే కన్ను' అని లెక్క. వేరేవాళ్ల కన్నయితే తేడా సగానికి అటూ ఇటూ వస్తుంది కాబట్టి పొరపాటున ఇంకొకరికి తెరుచుకోవడం చాలా అరుదు.

ఇంతవరకు పేచీ లేదు. కానీ ఆ లెక్క చెప్పేది ఈ నమూనా ఫలానావారిది అని మాత్రమే. అది ప్రాణమున్న కంటిలోంచి వచ్చిందా, ప్రింట్ తీసిన కాగితం మీంచి వచ్చిందా అన్నది దానికి తెలియదు. ఆ పని కెమెరాదీ, దాని వెనకున్న సాఫ్ట్‌వేర్‌దీ. మీ ఫోన్ కొట్టేసినవాడు మీలాంటి కన్నున్న మనిషి కోసం ఊరంతా వెతకడు కదా, మీ కంటి బొమ్మే ఎలాగోలా సంపాదించాలని చూస్తాడు.

ఆ బొమ్మ సరిపోతుందని 2017 మే నెలలోనే తేలిపోయింది. శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్8 అమ్మకాలు మొదలై నెల తిరిగిందో లేదో, జర్మనీకి చెందిన కేయాస్ కంప్యూటర్ క్లబ్ అనే హ్యాకర్ల సంఘం దాని ఐరిస్ లాక్‌ను తెరిచి వీడియో పెట్టింది. వాళ్లు చేసింది చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. మామూలు డిజిటల్ కెమెరాను నైట్ మోడ్‌లో పెట్టి మనిషి ఫొటో తీశారు. 200 ఎంఎం లెన్స్ ఉంటే ఐదు మీటర్ల దూరం నుంచి తీసినా చాలన్నారు. కంటి భాగాన్ని అసలు సైజులో లేజర్ ప్రింటర్ మీద ప్రింట్ తీశారు. కాగితం చదునుగా ఉంటుంది, కన్ను ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ ఉబ్బు కోసం బొమ్మ మీద ఒక కాంటాక్ట్ లెన్స్ పెట్టారు. ఫోన్ ముందు పట్టుకుంటే తెరుచుకుంది. మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఎక్కువ ఖర్చు ఆ ఫోన్ కొనడానికే అయిందని వాళ్లే చెప్పారు. ప్రింట్ బాగా వచ్చింది శామ్‌సంగ్ ప్రింటర్ల మీదేనట!

ఇది విని "అయితే నా ఫేస్‌బుక్ సెల్ఫీ చాలు, నా ఫోన్ పోయినట్టే" అని టెన్షన్ పడాల్సిన పని కూడా లేదు. మనలో ఎక్కువమందివి ముదురు గోధుమ రంగు కళ్లు. వాటిలోని మెలనిన్ అనే రంగు పదార్థం మామూలు వెలుతురును పీల్చేసుకుంటుంది కాబట్టి సాధారణ ఫొటోలో ఐరిస్ గీతలు సరిగ్గా కనిపించవు, నల్లగా కనిపిస్తుందంతే. మన కంటికి దాదాపు కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగులోనే ఆ గీతలు తేలుతాయి. ఐరిస్ ఫోన్లకు ముందువైపు విడిగా ఒక ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ, దాన్ని చూడగల కెమెరా పెట్టింది అందుకే. కేయాస్ క్లబ్ వాళ్లు ఇన్‌ఫ్రారెడ్‌ను పట్టే నైట్ మోడ్ వాడిందీ అందుకే. మామూలు ఫోన్ సెల్ఫీలో ఆ సమాచారం చాలావరకు ఉండదు. కానీ "కుదరదు" అనే మాటకూ "కాస్త సరంజామా కావాలి" అనే మాటకూ చాలా దూరం.

చనిపోయినవారి కన్ను పనిచేయదన్న ముక్కా అంతే. పోలండ్ పరిశోధకులు మార్చురీలో స్కాన్లు తీసి చూశారు. మరణించిన కొన్ని గంటల వరకు చాలా కళ్లు సరిపోలాయి, చల్లగా ఉంచిన దేహాల్లో కొన్నయితే రోజుల తర్వాత కూడా. వాళ్లు పరీక్షించింది ఫోన్లను కాదు, ఐరిస్ గుర్తింపు సాఫ్ట్‌వేర్లను. అయినా ప్రాణం పోగానే నమూనా చెరిగిపోతుందన్న నమ్మకం నిలబడదు.

ఇక ఆధార్. వినడానికి బలంగా ఉండే పాయింట్ ఇదే. ఆధార్‌లో పది వేళ్లతో పాటు రెండు కళ్లూ తీసుకుంటారు, ఆ పని బాగానే చేస్తోంది. పలుగూ పారా పట్టి వేలిముద్రలు అరిగిపోయినవాళ్లకు, "ముద్ర పడట్లేదు, రేపు రా" అనిపించుకున్న ముసలివాళ్లకు ఐరిస్ పెద్ద ఊరట. 2021లో కరోనా భయంతో తెలంగాణ రేషన్ షాపుల్లో వేలిముద్ర బదులు ఓటీపీ, ఐరిస్ పెట్టారు. అయితే అక్కడ ఏం జరుగుతుందో గమనించండి. డీలర్ స్కానర్‌ను మీ ముఖం దగ్గర పెట్టి "కళ్లు పెద్దవి చెయ్యమ్మా, రెప్ప కొట్టకు" అంటాడు. ఎదురుగా మనిషి, వెనకాల క్యూ. అక్కడ జేబులోంచి కాగితం కన్ను తీసి, దాని మీద లెన్స్ అతికించి చూపించడం సాధ్యమేనా? (డీలరే కుమ్మక్కయితే అది వేరే కథ.) ఫోన్ పోయినప్పుడు అలా కాదు. దొంగ గదిలో కూర్చుని తీరిగ్గా ప్రయత్నిస్తాడు, చూసేవాడే ఉండడు. ఆధార్‌కు పనికొచ్చింది కాబట్టి ఫోన్‌కూ అంతే భద్రత అనడం ఈ తేడాను దాటేయడమే.

కంపెనీలు ఒత్తిడికి లొంగాయన్న కథ మీద ఎక్కువ సమయం పెట్టక్కర్లేదు. ఫుజిట్సు 2015లో జపాన్‌లో ఐరిస్ ఫోన్ తెచ్చింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ లూమియా 950 వచ్చింది. 2016లో శామ్‌సంగ్ నోట్ 7 వచ్చింది గానీ, జనానికి దాని కన్నుకన్నా కాలిన బ్యాటరీలే గుర్తు. నోట్ 9 దాకా నడిపి, 2019లో ఎస్10 నుంచి శామ్‌సంగ్ మానేసింది. నాకు తోచిన కారణాలు మామూలువే. స్క్రీన్ అంచుదాకా సాగుతుంటే అదనపు కెమెరాకు, ఎల్ఈడీకి చోటెక్కడ? పైగా ఎండలో తడబాటు, కళ్లజోడుతో తంటా, తెరిచిన ప్రతిసారీ ఫోన్‌ను ముఖానికెదురుగా ఎత్తి పట్టుకోవడం. టెక్నాలజీని ఎవరూ పాతిపెట్టలేదు. 2024లో వచ్చిన యాపిల్ విజన్ ప్రో హెడ్‌సెట్ తెరుచుకునేది ఐరిస్‌తోనే. అక్కడ కెమెరా కంటికి అంగుళాల దూరంలో ఉంటుంది, ఎండ గొడవ లేదు.

చివరగా పిన్. ఐరిస్ ఉన్న ఫోన్‌లో కూడా పిన్ గానీ పాస్‌వర్డ్ గానీ పెట్టకుండా కన్ను నమోదు కాదు. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే మొదట అడిగేది పిన్‌నే. ఆండ్రాయిడ్ నిబంధనల ప్రకారం అత్యంత బలమైన బయోమెట్రిక్ అయినా సరే, కనీసం 72 గంటలకోసారి పిన్ అడగాల్సిందే. పిన్ బయటపడితే నిమిషంలో మార్చుకోవచ్చు, కంటి నమూనా బయటపడితే మార్చుకోవడానికి ఉన్నది ఇంకో కన్నే. ఇప్పటి చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ మెనూలో 'లాక్‌డౌన్' అని ఒకటుంటుంది, కొన్నిట్లో సెట్టింగ్స్‌లోకెళ్లి ఆన్ చేసుకోవాలి. అది నొక్కితే వేలిముద్ర, ముఖం, కన్ను అన్నీ పనిచేయడం మానేస్తాయి, మళ్లీ పిన్ కొట్టేదాకా.